పిల్లలు ఎంచుకున్న కాలేజీ, కోర్సు విషయంలో తల్లిదండ్రులు ఎలా తోడుండాలి?

"నేను సైకాలజీ చదువుతా" అని కూతురు అనగానే మన నోటికొచ్చే మాట ఒకటే: "దాంతో ఉద్యోగాలొస్తాయా?" అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే ఆ పూట కాదు.

ముందు వినండి. "ఎందుకు?" అంటే నిలదీసినట్టుంటుంది. "ఇది ఎప్పట్నుంచి అనుకుంటున్నావు? అందులో ఏం నచ్చింది?" అని అడిగి ఊరుకోండి. స్నేహితురాలు చేరుతోందనా, సబ్జెక్టు మీద ఇష్టమా అన్నది ఆ జవాబులోనే చాలావరకు తెలుస్తుంది.

తర్వాత డబ్బు సంగతి. కొన్ని ఇళ్లలో దీన్ని చివరిదాకా దాచి, సీటు వచ్చాక "అంత కట్టలేం" అంటారు. పిల్లలకు అంతకన్నా అన్యాయం లేదు. దరఖాస్తు చేయకముందే కోర్సు పూర్తయ్యేవరకు అయ్యే ఫీజు, హాస్టలు, పుస్తకాలు, ప్రయాణ ఖర్చులు ఒక కాగితం మీద వాళ్ల ఎదురుగానే కూడండి. అప్పు చేయాల్సి వస్తే చదువుకునే రోజుల్లోనే వడ్డీ పడుతుందా, వాయిదాలు ఎప్పట్నుంచి కట్టాలి, ఎవరు కట్టాలి అన్నవీ అక్కడే తేల్చుకోండి.

ఇక కోర్సు. పేరు చూసి మోసపోవద్దు, సెమిస్టర్ల వారీగా సిలబస్ తెప్పించి ఇద్దరూ చదవండి. సైకాలజీలో స్టాటిస్టిక్స్ ఉంటుంది. కంప్యూటర్ సైన్సులో లెక్కలు బాగానే ఉంటాయి. చివరి ఏడాది సబ్జెక్టులు కూడా చూసి "ఫర్వాలేదు, చదువుతా" అంటే మంచి గుర్తే.

కాలేజీ బ్రోచర్లలో సగటు జీతం అంకెను మాత్రం నమ్మకండి. ఐదుగురికి నెలకు 20, 20, 25, 25, 160 వేలు వస్తే సగటు 50 వేలు. కానీ వరుసలో మధ్యనున్న విద్యార్థికి దక్కేది 25 వేలే. అందుకే మధ్య అంకె ఎంత, మొత్తం ఎంతమందిలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి అని అడగండి. డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో గుర్తింపు ఇచ్చే సంస్థ వెబ్‌సైట్లోనే చూసుకోండి.

క్లాసులు జరిగే రోజున కాలేజీకి వెళ్లండి. పిల్లలు సీనియర్లతో మాట్లాడేటప్పుడు మీరు కాస్త దూరంగా ఉండండి, పెద్దవాళ్ల ముందు సీనియర్లు నోరు విప్పరు. దరఖాస్తు కూడా పిల్లలే నింపుకోవాలి. మీరు గడువు తేదీ గుర్తుచేస్తే చాలు.

మీకు నచ్చకపోతే కారణంతో సహా ఒక్కసారి చెప్పండి. రోజూ భోజనాల దగ్గర ఎత్తొద్దు. "సరే, నీ ఇష్టం" అని ముఖం తిప్పుకోవడం ఒప్పుకోవడం కాదని పిల్లలకు బాగా తెలుసు.

చేరేముందు ఇంకొక్క పని. మొదటి ఏడాది తర్వాత కోర్సు మారే వీలుందా, మానేస్తే ఏ తేదీలోపు ఎంత ఫీజు వెనక్కిస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టండి. రెండు నెలలకు ఏ రాత్రో ఫోన్ చేసి "నా వల్ల కావట్లేదు" అంటే, టెన్షన్ పడకుండా ఆ కాగితం తీసి మాట్లాడొచ్చు.