రాజ్యసభలో ఒక రోజును ఇలా చూడండి

ముందుగా ఆ రోజు కార్యక్రమాల జాబితా వెబ్‌సైట్‌లో చూసి పెట్టుకోండి. నేనైతే ప్రింట్ తీసి, బిల్లు పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీస్తాను.

ఉదయం 11కు సంసద్ టీవీ పెట్టండి. పత్రాలు సమర్పించడం త్వరగా అయిపోతుంది. జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర ప్రజా సమస్యలు లేవనెత్తే సమయంలో, ఒక్కొక్కరికి 3 నిమిషాలే. మనవాళ్లు తెలుగులో మాట్లాడిన రోజు నాకెంత సంతోషమో! 12కు ప్రశ్నోత్తరాలు. మంత్రి జవాబు మీద అప్పటికప్పుడు అడిగే అనుబంధ ప్రశ్నలు శ్రద్ధగా వినండి, మంత్రికి విషయం ఎంత తెలుసో అక్కడే బయటపడుతుంది.

భోజన విరామం తర్వాత బిల్లులు. చర్చ, మంత్రి జవాబు అయ్యాక క్లాజుల (బిల్లులోని నిబంధనల) వారీగా ఆమోదం. అప్పుడు మాత్రం టీవీ ముందు నుంచి లేవకండి. సభ్యులు నోటితో అవును, కాదు అని చెప్పే మూజువాణి ఓటుతో క్లాజులు చకచకా దాటిపోతాయి. మామూలుగా ఎవరైనా డివిజన్ (ఓట్ల లెక్కింపు) కోరితేనే ఓట్లు లెక్కిస్తారు. శుక్రవారమైతే మధ్యాహ్నం ప్రైవేటు సభ్యుల (మంత్రులు కాని సభ్యుల) బిల్లులో తీర్మానాలో ఉంటాయి, అవి వదలకండి.