ఇంట్లో ఉన్న తాళపత్ర గ్రంథాన్ని కాపాడుకోవడం ఎలా

వేదాధ్యయనమో, ఆలయార్చనో, వైద్యమో వంశవృత్తిగా సాగిన ఇళ్లలో అటక మీదనో, దేవుడి గది మూలనో ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. దసరాల్లో దానికి పసుపు కుంకుమలు పెట్టి మళ్లీ పైకి చేర్చేవారే గాని, ముడి విప్పి లోపల ఏ గ్రంథం ఉన్నదో చూసేవారు అరుదు. చూడాలన్న కోరిక కలగడం మంచిదే. అయితే, ముడి మీద చేయి వేయడానికి ముందు ఆ గ్రంథం ఆకుల మీదికి ఎలా వచ్చిందో, ఇన్నాళ్లు ఎలా నిలిచిందో తెలుసుకోవాలి. ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో దాన్నిబట్టే తెలుస్తుంది.

మన మతగ్రంథాలు చాలాకాలం కంఠాల్లోనే బతికాయి. వేదాన్ని పదం, క్రమం, జట, ఘనం అనే పాఠాలుగా వల్లె వేయించేవారు. జటలో రెండు పదాలను ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు పలకడం వల్ల ఒక్క అక్షరం జారినా అక్కడికక్కడే పట్టుబడుతుంది. రాసినదాన్ని చూసి చదివేవాణ్ణి పాణినీయ శిక్ష అనే ఉచ్చారణ శాస్త్ర గ్రంథం అధమ పాఠకుల్లో చేర్చింది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థలో ఉన్న 30 ఋగ్వేద ప్రతులను యునెస్కో 2007లో ప్రపంచ స్మృతి (మెమరీ ఆఫ్ ది వరల్డ్) పట్టికలో చేర్చగా, వాటిలో అన్నిటికన్నా పాతది కూడా 1464 నాటిదే. బౌద్ధుల మూలగ్రంథాలైన పాలీ త్రిపిటకాలు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, వట్టగామణి అభయుడు శ్రీలంకను ఏలిన కాలంలో, మాతలె దగ్గరి అలువిహారలో ఆకులకెక్కాయని ఆ దేశపు సంప్రదాయం చెబుతుంది. కరువు, యుద్ధాల వల్ల కంఠస్థం చేసిన భిక్షువులు తగ్గిపోతే బోధ పూర్తిగా నశిస్తుందన్న భయమే అందుకు కారణం. శ్వేతాంబర జైనుల మతగ్రంథాలైన ఆగమాలు క్రీస్తుశకం 5వ శతాబ్దంలో గుజరాత్‌లోని వలభిలో దేవర్ధిగణి క్షమాశ్రమణుని ఆధ్వర్యంలో గ్రంథస్థమయ్యాయి.

ఇక ఆకు సంగతి. దక్షిణాదిన వాడినవి ముఖ్యంగా రెండు రకాలు: పలుచగా, మెత్తగా వంగే శ్రీతాళం, మందంగా ఉండి ఎండితే పెళుసెక్కే మన తాడి. లేత ఆకును కోసి, ఈనె తీసి, నీళ్లలో ఉడికించి నీడన ఆరబెట్టేవారు. తరువాత నున్నటి రాయితోనో గవ్వతోనో రుద్ది, ఒకే కొలతకు కత్తిరించి, తాడు కోసం రంధ్రం చేసేవారు. రాసేది ఇనుప గంటంతో. లేఖకుడు ఆకును ఎడమచేత పట్టుకొని, ఆ చేతి బొటనవేలినే గంటానికి ఆనుగా పెట్టి, ఆకు పైపొర చీలి గాడి పడేంత బలంతో, వెనుకవైపుకు దిగనంత తేలికగా గీసేవాడు. గీత పూర్తయ్యాక దీపపు మసిని నూనెతో కలిపి ఆకంతా రుద్ది తుడిచేస్తే, గాడుల్లో నిలిచిన మసి వల్ల అక్షరాలు నల్లగా తేలతాయి.

అందువల్ల మసి పోయి ఆకు బోసిగా కనిపించినా అక్షరం పోయినట్టు కాదు, గాడి అలాగే ఉంటుంది. ఏమీ కనబడడం లేదని అలాంటి ఆకులను పారవేసిన ఇళ్లున్నాయి. ఇంతకన్నా బాధాకరమైన నష్టం మరొకటి లేదనిపిస్తుంది. గది కొంచెం చీకటి చేసి టార్చి వెలుతురును ఆకు మీద ఏటవాలుగా, పక్కనుంచి పడేట్టు పెడితే గాడుల నీడలో అక్షరాలు కనిపిస్తాయి. మసి మళ్లీ పూసే పని మాత్రం ఇంట్లో చేయరాదు, దాన్ని నిపుణులకే వదిలేయాలి.

ఎంత జాగ్రత్త పడినా మన వాతావరణంలో తాటాకు కొన్ని వందల ఏళ్లకు మించి నిలవడం కష్టం. పాత ప్రతి శిథిలం కాకముందే కొత్త ప్రతి రాయడం వల్లనే గ్రంథాలు మనదాకా వచ్చాయి. ఆ శ్రమ ఎలాంటిదో ప్రతుల చివర లేఖకులు రాసుకున్న శ్లోకాలే చెబుతాయి. వాటిలో ఒకటి పుస్తకమే మనతో మాట్లాడినట్టు ఉంటుంది: "తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్". నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి నన్ను కాపాడు, తెలియనివాడి చేతికి ఇవ్వకు అని దాని భావం. ఈనాటికీ ఇంతకు మించిన సూచనల పట్టిక అవసరం లేదు.

ముందుగా కట్టు. విప్పకముందే కట్టను అన్ని వైపుల నుంచి ఫొటో తీయాలి. శుభ్రమైన, తడిలేని చేతులతో, బల్లమీద పరచిన తెల్లగుడ్డ మీద మాత్రమే విప్పాలి. తాడు చివికి ఉంటే లాగకుండా కత్తిరించడమే మేలు, ఎందుకంటే లాగితే రంధ్రం దగ్గర ఆకు చీలుతుంది. ఒకదానికొకటి అంటుకున్న ఆకులను గోటితోనో చాకుతోనో విడదీయరాదు. దుమ్మును మెత్తటి కుంచెతో ఆకు పొడవునా తేలికగా తుడవాలి. పని పూర్తయ్యాక ఆకులను పైనా కిందా చెక్కపలకల మధ్య వరుస తప్పకుండా అమర్చి, కదలకుండా, అలాగని బిగదీయకుండా కట్టాలి. కట్టు వదులైతే ఆకులు మెలితిరుగుతాయి, సందుల్లోకి దుమ్ము, పురుగు చేరతాయి. చుట్టే నూలుగుడ్డకు గంజి ఉండరాదు. కొత్త ఎర్రగుడ్డ అయితే రంగు వదలడం మానేదాకా ఉతికి, పూర్తిగా ఆరాకే వాడాలి. రబ్బరు బ్యాండ్లు, సెలోటేపు, లామినేషన్ పనికిరావు.

నీరు, నూనెల విషయంలో మనవాళ్లు భక్తితోనే పొరపాటు చేస్తారు. పసుపు, కుంకుమ, గంధం ఆకులకు గాని, వాటికి ఆనే పలకలకు గాని అద్దకుండా పైగుడ్డకే పెట్టాలి. తడిగుడ్డతో తుడిస్తే గాడుల్లోని మసి కూడా పోతుంది. పెళుసెక్కిన ఆకులకు సంరక్షకులు నిమ్మగడ్డి నూనె పలుచగా రాయడం నిజమే గాని, గంటంతో కాక సిరాతో రాసిన ఆకుకు అది హాని చేస్తుంది, ఎక్కువైతే దుమ్మును పట్టేస్తుంది. కాబట్టి ఇంట్లో ఆ ప్రయత్నం వద్దు. ఎండలో ఆరబెట్టడమూ వద్దు. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, మరీ తగ్గితే ఆకు విరుగుతుంది. గోడకు ఆనని చెక్క బీరువా, అందులో పలుచని గుడ్డలో మూటగట్టిన వసకొమ్ము, ఎండు వేపాకు చాలు. వానాకాలం ముగిశాక ఒకసారి తీసి నీడన గాలి తగలనివ్వాలి.

ఇక ప్రతి తీయడం, అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఈనాడు గంటం పని ఫోను కెమెరా చేస్తుంది. కిటికీ దగ్గరి వెలుతురులో, ముదురు రంగు గుడ్డ మీద ఆకునూ పక్కన ఒక స్కేలునూ ఉంచి, ఫోనును ఆకుకు సమాంతరంగా పట్టి రెండు వైపులా తీయాలి. అంచున తెలుగు అంకెల్లో ఆకు సంఖ్య ఉంటుంది. ఫొటోకు ఆ సంఖ్యనే పేరుగా పెట్టాలి. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలుండడం మామూలే కనుక, "శుభమస్తు అవిఘ్నమస్తు" వంటి మాటలు ఎక్కడ కనిపించినా అక్కడ కొత్త గ్రంథం మొదలైందేమో చూడాలి. లిపి తెలుగైనంత మాత్రాన భాష తెలుగే కానక్కరలేదు, సంస్కృతమూ కావచ్చు. గ్రంథం ముగిసేచోట లేఖకుని పేరు, ఊరు, తిథి ఉంటే అదృష్టమే. సంవత్సరం పేరు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి, శకసంవత్సరం కూడా ఉందేమో వెతకాలి.

శ్లోకంలోని చివరి మాట, ఎవరి చేతికి ఇవ్వాలన్నది. హైదరాబాదు తార్నాకలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థలో, 1869లో ఏర్పడిన చెన్నై ప్రాచ్యలిఖిత భాండాగారంలో ఈ విద్య తెలిసినవారిని కలవవచ్చు. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు ప్రతులు చేరినది చెన్నై భాండాగారానికే. ఇంటికి వచ్చి కొంటామనేవారికి మాత్రం ఇవ్వకండి. వారు ఆకులను విడివిడిగా అమ్ముకుంటే గ్రంథం చెదిరిపోతుంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం, చారిత్రక, సాహిత్య విలువ కలిగి 75 ఏళ్లు దాటిన రాతప్రతిని సొంతంగా విదేశాలకు తీసుకుపోవడం నేరం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు తాతగారి కట్ట కావాలని అడిగితే ఫొటోల ప్రతిని పూర్తిగా పంపండి, ఆకులను ఇక్కడే ఉంచండి.