పిల్లల ఆసుపత్రిలో కౌమార రోగుల సలహా బృందాన్ని నడపడం ఎలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వారిని కౌమారులుగా పరిగణిస్తుంది. అయితే గోడల నిండా ఎలుగుబంటి బొమ్మలున్న వార్డులో, కాళ్లు చాపుకోవడానికి చాలని మంచంపై పడుకున్న పదిహేనేళ్ల కుర్రవాడికి ఆ చోటు తనది కాదనే అనిపిస్తుంది. ఏం మారాలో వారినే అడగాలి.

మధుమేహం, తలసేమియా (తరచూ రక్తం ఎక్కించవలసి వచ్చే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి) వంటి వ్యాధులతో తరచూ వచ్చే ఆరేడుగురిని, తల్లిదండ్రుల అనుమతితో పాటు వారి సొంత అంగీకారమూ తీసుకుని, బృందంగా చేర్చండి. రక్తం ఎక్కించుకోవడానికో, పరీక్షలకో ఎలాగూ వచ్చే రోజునే సమావేశం పెడితే బడి పోదు.

తొలి రోజు చర్చ అనవసరం. ఓపీ చీటీ ఇచ్చే కిటికీ నుంచి వార్డు దాకా వారిని నడిపించి, ఇబ్బంది అనిపించిన ప్రతిచోటా ఆగి రాసుకోమనండి. మంచం చుట్టూ తెర పూర్తిగా మూసుకోదని, నెలసరి గురించి డాక్టరు అందరి ముందూ అమ్మనే అడుగుతారని అప్పుడు బయటపడుతుంది. రెండోదానికి పైసా ఖర్చు లేదు: అమ్మాయితో, నర్సు సమక్షంలో, కాసేపు విడిగా మాట్లాడితే చాలు. ఆటగదికి కొత్త రంగులు వేయించడం కంటే ఇదే ముందు చేయవలసిన పని అని నా అభిప్రాయం.

ప్రతి సూచననూ ఎవరు, ఎప్పటిలోగా అమలు చేస్తారో రాసిపెట్టి, కుదరనిదానికి కారణాన్ని తరువాతి సమావేశంలోనే చెప్పండి. జవాబు లేకపోతే మూడోసారికి పిల్లలు రారు.