ఇంటి షెడ్డులో ప్లాస్మా కటింగ్ టేబుల్ చేసుకోవడం ఎలా?

ప్లాస్మా టేబుల్ అంటే, కంప్రెసర్ గాలిని కరెంటు ఆర్క్‌తో వేడెక్కించి సన్నటి ధారగా కొట్టి లోహపు షీటును కోసే బల్ల. ఆ మాట అనగానే అందరి దృష్టీ టార్చ్‌ను (ఆ ధార వచ్చే పిడి) నడిపే మోటార్ల మీదికి పోతుంది. నా లెక్కలో ముందు కుదరాల్సినవి నీళ్ల తొట్టి, దాని మీద షీటును మోసే ఇనుప పట్టీలు. అవి బాగుంటే చేత్తో టార్చ్ పట్టుకునైనా మంచి పని తీయొచ్చు.

ముందు ఫ్రేము. లోపలి కొలత నాలుగడుగుల చదరం కంటే రెండంగుళాలు ఎక్కువ పెట్టుకుంటే 8×4 షీటులో సగం హాయిగా పడుతుంది. 50 మి.మీ. స్క్వేర్ పైపు సరిపోతుంది. మూలలకు ట్యాక్ (చిన్న వెల్డు చుక్క) మాత్రమే వేసి, ఐమూలగా రెండువైపులా టేపు పట్టండి. కొలతలు కలిశాకే పూర్తి వెల్డింగ్.

తర్వాత తొట్టి. 2 మి.మీ. రేకు, ఆరంగుళాల లోతు, ఒక మూల డ్రెయిన్ వాల్వు. కారుతుందేమో చూడటానికి వెల్డు బయటివైపు సుద్దముక్క రుద్ది ఆరనిచ్చి, లోపలివైపు కిరోసిన్ పూయండి. సన్నని రంధ్రమున్నా తెల్లటి సుద్ద మీద తడి మరక తేలుతుంది. ఆ తర్వాత కిరోసిన్ చుక్క మిగలకుండా కడిగెయ్యాలి.

పట్టీలను వెల్డు చేయకండి. అవి టార్చ్ దెబ్బకు అరిగేవే. L ఆకారపు ఇనుప యాంగిల్‌లో మూడంగుళాలకొక గాడి కోసి, 50×5 మి.మీ. పట్టీలను నిలువుగా దించితే చాలు, పాడైనదాన్ని లాగి కొత్తది వేయొచ్చు. కాస్త ఏటవాలుగా అమర్చండి. తిన్నటి కోత పట్టీ వెంబడే పోకుండా ఉంటుంది. నీళ్లు పట్టీల అంచుకు అంగుళం కింద ఉండాలి. పొగ, నుసి చాలావరకు అక్కడే అణుగుతాయి.

ఎర్త్ క్లాంపును కోసే షీటుకే తగిలించండి. పట్టీల మీద చిట్టెం (కరిగి గడ్డకట్టిన లోహం) పేరుకుని కరెంటు సరిగా అందదు. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటే టార్చ్ కొసన ఆర్క్ పుట్టే భాగాలైన నాజిల్, ఎలక్ట్రోడ్ త్వరగా పోతాయి, కాబట్టి ఫిల్టర్ తప్పనిసరి.

మోటార్లు పెట్టేవాళ్లు హై ఫ్రీక్వెన్సీ స్టార్ట్ (హై వోల్టేజి నిప్పురవ్వతో ఆర్క్ మొదలయ్యేది) కాకుండా బ్లోబ్యాక్ స్టార్ట్ (గాలి ఒత్తిడికి ఎలక్ట్రోడ్, నాజిల్ విడిపోయి ఆర్క్ మొదలయ్యేది) కట్టర్ కొనండి. లేకపోతే ఆర్క్ మొదలైన ప్రతిసారీ మోటార్లను నడిపే కంట్రోలర్ గందరగోళపడే ప్రమాదముంది. షీటు వేడికి వంగుతుంది గనక టార్చ్ ఎత్తును సర్దే కంట్రోల్ కూడా అవసరమే.

నీళ్ల తొట్టి మీద అల్యూమినియం కోయొద్దు. కరిగిన అల్యూమినియం నీళ్లలో హైడ్రోజన్ పుట్టిస్తుంది, అది షీటు కింద చేరితే పేలొచ్చు. జింకు పూసిన రేకు పొగ పీల్చితే జ్వరం పట్టుకుంటుంది. తలుపులు తెరవండి, కళ్లకు 8 నంబరు షేడు ఉన్న వెల్డింగ్ అద్దాలు పెట్టుకోండి.

మొదటి కోతకు 100 మి.మీ. చదరం పెట్టి, కాలిపర్‌తో కొలవండి. ముక్క ఎంత తగ్గిందో అదే మీ కోత వెడల్పు. మోటార్లు పెట్టినవాళ్లు వాటిని నడిపే ప్రోగ్రాంలో ఆ అంకె వేయండి.