కూలిన విమానం దగ్గర మొదలుపెట్టి సైనికుడి పేరు దాకా: తప్పిపోయినవారిని గుర్తించే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 వరకు అస్సాం నుంచి చైనాలోని కున్‌మింగ్‌కు సరుకు మోసిన అమెరికన్ విమానాలు వందల సంఖ్యలో కూలిపోయాయి. ఆ దారిని 'హంప్' అనేవారు. చాలా శకలాలు ఇప్పటికీ అరుణాచల్ కొండల్లోనే ఉన్నాయి. పాత యుద్ధాల్లో తప్పిపోయి ఇంకా ఆచూకీ తేలని అమెరికన్ సైనికులు సుమారు 80 వేల మంది. వారి కోసం పనిచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ డీపీఏఏ. అక్కడ పాటించే క్రమం ఇది. అదే పని చేయాలనుకునే ఫోరెన్సిక్, పురావస్తు విద్యార్థుల కోసం రాస్తున్నాం.

ముందు కాగితాలు

పార పట్టే ముందు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. విమానం తిరిగి రానప్పుడు అమెరికన్ సైన్యం 'మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్' రాసేది. అందులో సిబ్బంది పేర్లు, విమానం సీరియల్ నంబరు, ఇంజిన్ల నంబర్లు, మెషిన్ గన్ల నంబర్లు ఉంటాయి. శిథిలాల్లో ఒక్క ఇంజిన్ ప్లేటు చదవగలిగినా 80 వేల పేర్ల జాబితా పది పేర్లకు, సరుకు విమానమైతే నాలుగైదు పేర్లకు దిగుతుంది. డీఎన్ఏ కంటే ముందు సగం పని చేసేది ఈ ప్లేటే. దాన్ని ఇనుప బ్రష్‌తో రుద్దకండి, అంకెలు చెరిగిపోతాయి. నీళ్లు, మెత్తని కుంచె చాలు. పక్కన స్కేలు పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా ఫొటో తీయండి.

తవ్వకం

బాంబులను నిర్వీర్యం చేసే బృందం చూసి సరేననేదాకా ఎవరూ లోపలికి అడుగు పెట్టకూడదు. తర్వాత మెటల్ డిటెక్టర్‌తో తిరిగి, మోగిన ప్రతిచోటా చిన్న జెండా గుచ్చి మ్యాపు గీయండి. విమానం ఎటు నుంచి వచ్చి తగిలిందో, కాక్‌పిట్ ఎటు పడిందో ఆ జెండాల తీరే చెబుతుంది. ఒక స్థిర బిందువు నుంచి కొలిచి 4 మీటర్ల చదరపు గళ్లు వేయండి. 10 సెంటీమీటర్ల పొర చొప్పున తవ్వుతూ, మట్టి మొత్తాన్ని 6 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టండి. బంకమన్ను అయితే పొడిగా జల్లించడం కుదరదు, పైపుతో నీళ్లు కొడుతూ కడగాలి. కొండవాలులో ఎన్నో వానాకాలాల నీటికి ఎముకలు కిందికి జారతాయి కాబట్టి శిథిలాల దిగువన కూడా గళ్లు వేయండి.

ఆమ్ల గుణమున్న నేలలో ఎముక కరిగిపోతుంది, పంటి ఎనామిల్ మాత్రం నిలుస్తుంది. అందుకే పంటి ముక్క దొరికిన గడిలో 3 మిల్లీమీటర్ల జల్లెడ వాడండి.

దొరికిన ఎముకను కడగవద్దు, జిగురు పూయవద్దు, ప్లాస్టిక్ సంచిలో వేయవద్దు. ప్లాస్టిక్‌లో తేమ నిలిచి బూజు పడితే డీఎన్ఏ పాడవుతుంది. కాగితం సంచిలో పెట్టి గడి, పొర, తేదీ రాయండి. తవ్వేవారందరూ గ్లవ్స్ వేసుకోవాలి, ఎముకకు తమ డీఎన్ఏ అంటితే పోల్చి పక్కన పెట్టడానికి తమ నమూనా కూడా ముందే ఇవ్వాలి.

తొందరపడితే ఏం పోతుందో పంజాబ్‌లోని అజ్నాలా బావి చూపించింది. 1857 సిపాయిల అస్థికలను 2014లో అక్కడ నిపుణులు లేకుండానే పైకి తీశారు. ఎముకలు విరిగి, కలిసిపోయాయి. హైదరాబాద్ సీసీఎంబీతో సహా పలు సంస్థల శాస్త్రవేత్తలు ప్రధానంగా పళ్ల మీద ఆధారపడి డీఎన్ఏ పరీక్షలు, తిండి, నీళ్లు ఏ ప్రాంతానివో చూపే ఐసోటోప్ పరీక్షలు చేసి, వారు గంగా మైదానం వారని 2022లో తేల్చారు. ఊళ్ల దిక్కు తెలిసింది కానీ ఒక్కొక్కరికీ పేరు తిరిగి రాలేదు. ఆ నష్టం మనసును కలచివేస్తుంది.

ల్యాబులో

ఎముకలు చూసే ఆంత్రోపాలజిస్టుకు అనుమానిత పేరు చెప్పకూడదు. చెబితే తెలియకుండానే కొలతలు ఆ పేరు వైపు మొగ్గుతాయి. కటి ఎముక లింగాన్ని, తొడ ఎముక ఎత్తును, కాలర్‌బోన్ లోపలి కొస యువకుల వయసును చెబుతాయి. కొరియా యుద్ధ సైనికులకు కాలర్‌బోన్ మరో మేలు చేసింది: క్షయ పరీక్ష కోసం తీసిన ఛాతీ ఎక్స్‌రేలలో దాని ఆకారం కనబడుతుంది, దాన్ని దొరికిన ఎముకతో నేరుగా పోల్చవచ్చు.

పాత ఎముకలో ముందుగా ప్రయత్నించేది మైటోకాండ్రియల్ డీఎన్ఏ. కణానికి వందల ప్రతులుంటాయి కాబట్టి మిగిలే అవకాశం ఎక్కువ. అది తల్లి వైపు నుంచే వస్తుంది. కనుక అక్కచెల్లెళ్లు, వారి పిల్లలు, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు నమూనా ఇవ్వవచ్చు. మేనమామ పిల్లలది, సైనికుడి సొంత పిల్లలది దీనికి పనికిరాదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌కు పెదనాన్న, బాబాయి, వారి కొడుకులు కావాలి. సొంత కొడుకు, కూతురు ఉంటే, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే న్యూక్లియర్ డీఎన్ఏకు వారే శ్రేష్ఠం. మన కుటుంబాల్లో ఇదే పని చేస్తే మేనరికాలు ఉన్నాయేమో తప్పక అడగండి, బంధుత్వ లెక్క మారుతుంది.

మైటోకాండ్రియల్ డీఎన్ఏ అక్షరాల వరుస ఒక్కటే కలిసిందని పేరు ఖరారు చేయకండి. బంధుత్వం లేనివారికీ అదే వరుస ఉండవచ్చు. పెర్ల్ హార్బర్‌లో మునిగిన యూఎస్ఎస్ ఒక్లహామా యుద్ధనౌక నావికుల్లో 388 మందిని గుర్తుతెలియని వారిగా, ఎముకలు కలగలిసిన స్థితిలో పాతిపెట్టారు. 2015లో తవ్వి తీశాక దంతాలు, ఎముకలు, పలు రకాల డీఎన్ఏ కలిపి చూస్తేనే 350 మందికి పైగా పేర్లు దక్కాయి. కొరియా నుంచి తెచ్చిన అస్థికలకు ఇంకో చిక్కు వచ్చింది. అప్పట్లో చల్లిన ఫార్మాల్డిహైడ్ పొడి వల్ల డీఎన్ఏ చిన్న తునకలైంది, డీఎన్ఏ ప్రతులను పెంచే మామూలు పీసీఆర్ పద్ధతి విఫలమైంది. ఆ తునకలను పట్టి చదివే కొత్త తరం సీక్వెన్సింగ్ 2016 నుంచి ఆ పని చేస్తోంది.

కుటుంబానికి నివేదిక ఇచ్చేటప్పుడు ఏ ఎముకలు దొరికాయో, ఏవి దొరకలేదో బొమ్మ గీసి చూపించండి. తర్వాత మరో ముక్క దొరికితే కబురు చేయాలా, వద్దా అని అప్పుడే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. కొందరు ప్రతిసారీ కబురు కోరతారు, ఇంకొందరు ఒక్క అంత్యక్రియలతో ఆపాలంటారు. రెండూ వారి హక్కే.