లాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతుంటే: ఫార్మాట్ చేసే ముందు చూడాల్సినవి

లాప్‌టాప్ మొరాయించగానే చాలామంది విండోస్ మళ్లీ ఎక్కించేస్తారు. పాడైంది డిస్క్ అయితే ఆ పనితో ఫోటోలూ ఫైళ్లూ పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది. కాబట్టి ముందు ముఖ్యమైనవన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత అది ఏ తీరున ఆగుతోందో గమనించండి.

ఉన్నట్టుండి ఆరిపోతోంది

గేమ్ ఆడుతున్నప్పుడో వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడో ఆరిపోయి, కాసేపు చల్లారాక మళ్లీ ఆన్ అయితే అది వేడి సమస్యే. లోపలి భాగాల వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తెరిచి ఉంచి పని చేసుకోండి. ప్రాసెసర్ వేడి 95 నుంచి 100 డిగ్రీల దగ్గరే నిలబడితే ముందు వేగం తగ్గుతుంది, అప్పటికీ చల్లబడకపోతే మెషీన్ తనను తాను ఆపేసుకుంటుంది.

పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ముందు బల్ల మీద పెట్టి చూడండి. అయినా తగ్గకపోతే ఆపేసి, చార్జర్ తీసి, అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య దుమ్ము పొరలా పేరుకుని ఉంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ పొర కదలదు, ఇంకా లోపలికే పోతుంది. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని శుభ్రం చేయండి. మూడు నాలుగేళ్లు వాడిన మెషీన్‌లో ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసేందుకు రాసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మెరిసే భాగమంతా కప్పేలా కొత్తది పలుచగా రాయండి.

వేడి మామూలుగానే ఉండి, చార్జర్ తీయగానే ఆరిపోతుంటే బ్యాటరీ పోయినట్టే. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, క్లిక్ బిగుసుకున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. చార్జింగ్ వెంటనే ఆపి మార్పించండి, నొక్కి సరిచేయాలని చూడొద్దు.

మౌస్ కదులుతుంది, ఏదీ తెరుచుకోదు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ 100 శాతం చూపిస్తూ, చదివే వేగం మాత్రం అడుగంటి ఉంటే డిస్క్‌ను అనుమానించాలి. డిస్క్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో సీ5 వరుస చూడండి. చదవలేకపోతున్న సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న భాగాల) లెక్క అది. సున్నా కాకుండా ఉండి, పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ను ఇక నమ్మొద్దు. ఫైళ్లు కాపీ చేసుకోకుండా, డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్ చెక్‌డిస్క్ నడపకండి, ఆ ఒత్తిడికే డిస్క్ పూర్తిగా చచ్చిపోవచ్చు.

డిస్క్ బాగానే ఉండి మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలడం లేదు. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే 4 జీబీ ఏ మూలకూ రాదు. సీ డ్రైవ్ నిండిపోయినా ఇలాగే సతాయిస్తుంది, కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి.

నీలి తెర వస్తోంది

తెర మీది స్టాప్ కోడ్‌ను, అంటే ఏ తప్పు వచ్చిందో చెప్పే పేరును, ప్రతిసారీ ఫోటో తీయండి. కొత్త విండోస్ 11లో ఈ తెర నల్లగా ఉంటుంది. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) ఫైలు పేరు వస్తుంటే డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవర్‌ను పాత వెర్షన్‌కు తిప్పండి. రోజుకో కోడ్ వస్తుంటే ర్యామ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ వెతికి నడపండి. రెండు ర్యామ్ కర్రలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి, ఏది పాడో అక్కడ తేలిపోతుంది. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న పలుచటి మోడళ్లలో ఈ వీలు లేదు. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నెల్ పవర్ 41 చూసి కారణం దొరికిందనుకోకండి. మెషీన్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది.

పాట వినిపిస్తూనే తెర బిగుసుకుపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కండి. తెర ఓసారి మినుకుమని తిరిగి కదిలితే గ్రాఫిక్స్ డ్రైవర్‌దే తప్పు. లాప్‌టాప్ తయారు చేసిన కంపెనీ సైటులోంచి మీ మోడల్ డ్రైవర్ తెచ్చి వేయండి.