కరెంటు పోయి వచ్చాక రాస్ప్‌బెర్రీ పై లేవడం లేదా?

రాస్ప్‌బెర్రీ పై అంటే హార్డ్ డిస్క్ లేకుండా మెమరీ కార్డు మీదే లైనక్స్ నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు. అది మొరాయిస్తే, చాలామంది కార్డును ఫార్మాట్ చేసి ఓఎస్ మళ్లీ ఎక్కిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే టెన్షన్. కార్డు మీద రాతలు ఆపనంత కాలం ఇది తెగదు.

సమస్య: కరెంటు పోయి వచ్చాక బూట్ కావడం లేదు, లేదా ఫైళ్లు రీడ్-ఓన్లీ (చదవడమే తప్ప మార్చలేనివి) అయిపోయాయి.

మనం ఏమీ సేవ్ చేయకపోయినా ఓఎస్ తన పనుల చిట్టాలను (లాగ్‌లు) కార్డు మీద నిరంతరం రాస్తూనే ఉంటుంది. ఫ్లాష్ మెమరీలో చిన్న ముక్కను చెరిపి రాయడం కుదరదు, పెద్ద బ్లాకునే చెరపాలి. అందుకే కార్డులోని కంట్రోలర్ పాత డేటాను కూడా అటూ ఇటూ జరుపుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే మనం ముట్టుకోని ఫైళ్లు కూడా పాడవుతాయి.

ముందు కార్డును వేరే లైనక్స్ కంప్యూటర్లో పెట్టి, మౌంట్ చేయకుండా (అంటే ఫైళ్లు వాడకంలోకి రాకుండా) ఎఫ్ఎస్‌సీకే (fsck) అనే, ఫైల్ సిస్టమ్ తప్పులు వెతికి సరిచేసే కమాండ్ నడపండి. బోర్డు లేచాక రాస్పీ-కాన్ఫిగ్ (raspi-config) అనే సెట్టింగుల ప్రోగ్రాంలో పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్ కింద ఉండే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి. బూట్ పార్టిషన్‌కు కూడా రైట్ ప్రొటెక్ట్ పెట్టమంటే సరే అనండి. ఇక మార్పులన్నీ ర్యామ్‌లోకే పోతాయి, కార్డు జోలికి ఎవరూ రారు. పొలం మోటారు దగ్గరో, బడి నోటీసు తెర వెనకో ఉండి, ఎవరూ షట్‌డౌన్ చేయని బోర్డుకు ఇంతకు మించిన రక్షణ నాకు తెలియదు. దాచుకోవలసిన రీడింగులుంటే వాటికి వేరే యూఎస్‌బీ డ్రైవ్ పెట్టండి. అప్‌డేట్లు చేసేటప్పుడు మాత్రం ఓవర్‌లే ఆపి, పని అయ్యాక మళ్లీ వేయాలి.

సమస్య: ఓవర్‌లే వేశాక, కరెంటు వచ్చిన ప్రతిసారీ గడియారం పాత తేదీ చూపిస్తోంది.

రాస్ప్‌బెర్రీ పై 4 వరకూ బోర్డులో గడియారం చిప్ లేదు. చివరి సమయాన్ని ఓఎస్ కార్డులో రాసుకునేది, ఇప్పుడు ఆ వీలు పోయింది. నెట్ ఉంటే కాసేపటికి సరిపోతుంది. నెట్ లేని చోట డీఎస్3231 ఆర్‌టీసీ మాడ్యూల్ (బ్యాటరీతో నడిచే గడియారం చిప్) తగిలించండి.

సమస్య: తెర మీద మెరుపు గుర్తు వస్తోంది.

బోర్డుకు అందే వోల్టేజీ సుమారు 4.63 వోల్టుల కంటే కిందికి పడిపోతోంది. ఫోన్ ఛార్జర్ పక్కన పెట్టి, రాస్ప్‌బెర్రీ పై 4 అయితే 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ వాడండి. సన్నని కేబుల్ కూడా మార్చండి.

సమస్య: తీసేసిన ఫైలు రీబూట్ తర్వాత మళ్లీ కనిపిస్తోంది.

ఓవర్‌లే ఆన్‌లో ఉంటే అది సహజమే, ఆ మార్పు ర్యామ్‌లోనే ఉండి రీబూట్‌తో చెరిగిపోతుంది. ఆఫ్‌లో ఉన్నా ఇలాగే జరుగుతుంటే కార్డు ఆయుష్షు తీరినట్టే. అరిగిపోయిన కొన్ని కార్డులు రాతను ఒప్పుకున్నట్టే కనిపిస్తాయి కానీ లోపల ఏదీ రాయవు. ఫార్మాట్ కూడా కాదు, రిపేరు లేదు. చదవడానికి ఇంకా వీలున్నప్పుడే డేటా మొత్తం కాపీ చేసుకుని, కొత్త కార్డు వేయండి.